ఫ్యాను గాలికి పడిపోయే రాజు: ఒక చదరంగం పనిడైరీ

జూలై 6

పెరట్లో రేకుల కింద ఉన్న, కర్రను తిప్పి చెక్కే చిన్న లేతు మీద ఇవాళ మొదటి బంటు తీశాను. అంకుడు కర్ర, ఎత్తు 5 సెంటీమీటర్లు, అడుగు వెడల్పు 25 మిల్లీమీటర్లు. తల గుండ్రంగా రావలసింది, ఉల్లిపాయలా వచ్చింది. నాన్న ఉంటే దాన్ని చూసి ఏమీ అనకుండా ఉలికి పదును పెట్టుకోవడానికి వెళ్ళిపోయేవాడు. అదే ఆయన తిట్టు.

పని ఏమిటో ముందే రాసుకుంటే తర్వాత నన్ను నేను మోసం చేసుకోను. ఒక చదరంగం సెట్టు చేయాలి. 32 పావులు, బల్ల. అధికారం గురించి, మనుషుల హెచ్చుతగ్గుల గురించి ఆ పావులు ఏదో ఒకటి చెప్పాలి. అలాగని ఆట ఆగకూడదు. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మల కొలువు నాకు వద్దు.

విజయనగరంలో ఒక బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారికి ఈ ఆశ ఎందుకు పుట్టిందంటే, వేసవి సెలవుల్లో చూసిన ఒక ఫొటో వల్ల. 1920ల మొదట్లో పెట్రోగ్రాడ్‌లోని ప్రభుత్వ పింగాణీ కర్మాగారంలో నటాలియా డాంకో అనే శిల్పి చేసిన సెట్టు అది. ఒక వైపు ఎర్రవాళ్ళు, ఇంకో వైపు తెల్లవాళ్ళు. తెల్లవాళ్ళ రాజు అస్థిపంజరం, వాళ్ళ బంట్లు గొలుసులతో కట్టేసిన కూలీలు. ఎర్రవాళ్ళ రాజు సుత్తి పట్టిన కార్మికుడు, బంట్లు కొడవళ్ళు పట్టిన కోతగాళ్ళు. గొలుసుల బంటు రెండు రోజుల పాటు నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. మూడో రోజు ఒక సందేహం వచ్చింది. ఎర్రవాళ్ళ వైపైనా ముందు చచ్చేది బంటే కదా? గొలుసు ఉన్నా లేకపోయినా ముందుకు ఒక్కో గడే కదా?

ఆ సందేహంతోనే మొదలుపెడుతున్నాను.

జూలై 20

మా ఊళ్ళో పై వరుస, కింది వరుస తారుమారయ్యే రోజు ఒకటుంది. దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. ఆ మాను మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పూసపాటి రాజవంశంవారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద నుంచి చూస్తే, ఆ రోజుకు ఊళ్ళో అందరికంటే పైన ఉన్నది ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సిరిమాను ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. ఏనుగూ రథమూ మా వీధిలోనే సిద్ధంగా ఉన్నాయన్నమాట. చదరంగం అంటేనే సేనకు నాలుగు అంగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. మనం శకటు అని పిలిచే పావు పేరులో ఉన్నది ఆ బండే. ఐరోపావాళ్ళ చేతుల్లో మూలన ఉండే పావు కోటగోడ అయింది, ఇంకో పావు ఇంగ్లీషువాళ్ళ దగ్గర మతగురువు అయింది. సేన పోయి దర్బారు వచ్చింది. మనవాళ్ళ నోట్లో మాత్రం ఇంకా సేనే ఉంది.

పుస్తకం నిండా బొమ్మలు వేశాను. ఒక వైపు కోట, ఇంకో వైపు ఉత్సవం. అమ్మ టీ గ్లాసు పెట్టడానికి వచ్చి పుస్తకం తిప్పింది.

"ఇది సిరిమానా?"

"అవునమ్మా. ఇటువైపు రాజు స్థానంలో."

"ఎదుటివాడు గెలిస్తే?"

"ఆటకట్టు."

అమ్మ పుస్తకం మూసింది. "అమ్మవారి మానును బల్ల మీద పడుకోబెడతావా? చేసుకో. ఈ ఇంట్లో మాత్రం కాదు."

రాత్రి పడుకున్నాక కళాకారుడి స్వేచ్ఛ గురించి మనసులో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. వినేవాళ్ళు లేరు. తెల్లవారాక చూస్తే, అమ్మ భక్తితో అన్న మాటలోనే నా ప్రణాళికలోని లోపం ఉంది. సిరిమానోత్సవంలో ఎవరూ ఓడరు. బురుజు మీదివాళ్ళు దిగిపోరు, మాను మీది మనిషి మర్నాటి నుంచి రాజ్యం చేయడు. చదరంగంలో ఒకరు పడాలి. ఆ రెండింటినీ ఒకే బల్ల మీదికి ఈడ్చడం నా బద్ధకం. పుస్తకంలోని 11 పేజీలు చింపలేదు, పిన్ను కొట్టి మూసేశాను.

ఆగస్టు 3

రెండో ఆలోచన: ఎత్తులు తిరగేయడం. పోటీ ఆటల పావులకు ప్రపంచ చదరంగ సమాఖ్య సూచించిన ఎత్తులు ఇవి: రాజు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5. వరుసగా రాసి చూస్తే ఏ కచేరీలోనైనా కుర్చీల ఎత్తుల్లా ఉంటాయి. దీన్ని తలకిందులు చేస్తే? బంటు 9.5, రాజు 5.

పనికిరాని సరుగుడు ముక్కలతో నాలుగు రోజుల్లో నమూనా తీశాను. బల్ల మీద పేరిస్తే రెండు వైపులా ఎనిమిదేసి గుంజలతో దడి కట్టినట్టుంది. లోపల ఎవరున్నారో కనబడదు. ఒక గుర్రాన్ని తీయబోతే మూడు బంట్లు పడ్డాయి.

అది సర్దుకోవచ్చు. అసలు దెబ్బ మా పెద్దమ్మాయి కొట్టింది. ఏడో తరగతి, వారానికి రెండు రోజులు చదరంగం శిక్షణకు వెళ్తుంది. నమూనాను ఒకసారి చూసి, "పొడుగువి బంట్లు, పొట్టిది రాజు. అంతే కదా నాన్నా?" అని పది నిమిషాల్లో నన్ను ఓడించి లేచిపోయింది. ఆ పది నిమిషాల్లో నా తిరుగుబాటంతా ఆవిరైంది. కన్ను కొత్త గుర్తులు నేర్చుకుంది, చేయి పాత పనే చేసింది. పొడుగు బంటును కూడా మొదటి ఎత్తుల్లోనే బలి ఇచ్చేసింది.

జర్మనీలో బౌహౌస్ కళాశాలలో జోసెఫ్ హార్ట్‌విగ్ 1923, 24 ప్రాంతంలో చేసిన సెట్టు గుర్తొచ్చింది. దానిలో ముఖాలు, కిరీటాలు లేవు. ఏ పావు ఎలా నడుస్తుందో దాని ఆకారమే చెబుతుంది. మూలగా నడిచేది కత్తెర గుర్తులా ఏటవాలుగా, నిటారుగా నడిచేది దిమ్మలా ఉంటుంది. జపాన్ కళాకారిణి యోకో ఓనో 1966లో బల్లనూ రెండు సేనలనూ తెల్లగానే చేసేసింది. కొంతసేపు ఆడాక ఏది ఎవరిదో గుర్తుంచుకోవడమే ఆట అవుతుంది. ఇద్దరూ పావుల మీద బొమ్మ చెక్కడంతో ఆగలేదు, ఆడేవాడు చేసే పనిలో చేయి పెట్టారు. నేను ఇంకా టోపీలు మారుస్తున్నాను.

ఆగస్టు 17

ఇవాళ్టిది రాసి తీరాలి.

ఎదురింటి బాబాయిగారు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద ఆట. మామూలు ఎత్తుల్లో తీసిన అంకుడు సెట్టు బయటికి తెస్తే ఒక తెల్ల బంటు లేదు. చెక్క పొట్టులో పడి పోయి ఉంటుంది. లోపలికి వెళ్ళి చేతికి దొరికిన ఇత్తడి కుంకుమ భరిణె తెచ్చి ఆ గడిలో పెట్టాను. ఆట మొదలైంది.

పన్నెండో ఎత్తులోనో పదమూడో ఎత్తులోనో ఆ భరిణెను ఇచ్చేసి నా శకటును కొట్టే అవకాశం ఆయనకు వచ్చింది. ఎవరైనా ఇచ్చేస్తారు. ఆయన భరిణె మీద చేయి వేసి, కొంచెం ఎత్తి, మళ్ళీ అదే గడిలో దింపారు.

"ఏమిటి బాబాయిగారూ?"

"ఇవ్వబుద్ధి కావడం లేదు. చేతికి బరువుగా ఉంది."

చివరికి ఇచ్చారనుకోండి. కానీ ఆ చేయి ఆగింది. ఆరు వారాలుగా నేను కంటి కోసం వెతుకుతున్నది చేతిలో ఉంది.

ఎత్తు అన్న మాట తెలుగులో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మనిషి ఎత్తు ఎత్తే, ఆటలో వేసేదీ ఎత్తే, బరువును పైకి లేపమన్నా ఎత్తు అనే అంటాం. నేను మొదటిదాన్ని పట్టుకుని వేలాడాను. మూడోది నా ముందే ఉంది.

కాబట్టి ఎత్తులు మామూలుగానే ఉంటాయి. రాజే పొడుగు, బంటే పొట్టి. చూడటానికి ఏ వింతా ఉండదు. బరువులు మాత్రం తిరగబడతాయి. బంట్లు పోత ఇత్తడి, పైవాళ్ళంతా అంకుడు, రాజు లోపల డొల్ల. కంటికి తెలిసిన వరుస ఒకటి, చేతికి తెలిసేది ఇంకొకటి.

సెప్టెంబర్ 7

బుడితి వెళ్ళి వచ్చాను. విజయనగరం నుంచి రైలెక్కి ఆమదాలవలసలో దిగాలి. స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కొత్తవాళ్ళు శ్రీకాకుళం వచ్చేసిందనుకుని దిగి తికమకపడతారు. అక్కడి నుంచి ఆటో.

బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మా ఇళ్ళలో పెళ్ళికి పెట్టే బిందెలు, చెంబులు, గంటలు ఆ పనివాళ్ళ చేతివే. నేను వెళ్ళిన ఇంట్లో తండ్రీ కొడుకూ పని చేస్తున్నారు. నా అంకుడు బంటును తండ్రి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, అడుగు చూసి, మెడ దగ్గర సన్నగా ఉన్న చోట గోటితో గీసి, "ఇక్కడ లోహం నిలవదు, కొంచెం లావు చేయాలి" అన్నాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశాడు.

"ఇది సిపాయా?"

"బంటు. అవును, సిపాయే."

"రాజు ఎందులో పోయమంటారు?"

"రాజుకు అక్కరలేదు. కర్రే."

ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు నవ్వు ఆపుకుని తిత్తి వైపు తిరిగాడు. "మీ ఇష్టం బాబూ. రాజుకు ఇత్తడి, సిపాయికి కర్ర అడిగేవాళ్ళను చూశాం గానీ."

ఇసుక అచ్చు. రెండు పెట్టెల మధ్య తడి ఇసుక కూరి, నా బంటును సగం లోతు వరకు నొక్కి, పై పెట్టె మూసి మళ్ళీ కూరాడు. తెరిచి బంటును తీసేస్తే అక్కడ బంటు ఆకారంలో ఖాళీ. పోయడానికి దారి, గాలి పోవడానికి సన్నటి దారి. మూసలో ఇత్తడి కరిగాక పైన తేలిన మడ్డిని పక్కకు నెట్టి ఒకే ధారగా పోశాడు. ధార ఆగితే అతుకు పడుతుందట. చల్లారిన అచ్చు విప్పితే నల్లగా, ఒంటినిండా ఇసుక అంటుకుని, నడినెత్తి మీద కాడతో వచ్చింది నా సిపాయి. ఆ కాడను రంపంతో కోసి, ఆకురాయి పట్టి, లేతు మీద గీరితే అప్పుడు పసుపు రంగు బయటపడింది.

తూకం గురించి మాట వచ్చింది. ఇత్తడికి కిలో లెక్క, పనికి వేరే లెక్క. 16 బంట్లూ ఒకే తూకం రావాలని అడిగాను. "ఒకే తూకం కావాలంటే మిషనులో పోయించుకోండి" అన్నాడు. కోపంగా కాదు, ధర చెప్పినట్టు అన్నాడు.

పది రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకోవాలి.

సెప్టెంబర్ 21

బంట్లు వచ్చాయి. వంటింటి త్రాసు మీద ఒక్కొక్కటే పెట్టాను. తేలికది 71 గ్రాములు, బరువైనది 82. ఒకదాని భుజం మీద గాలి బుడగ వల్ల చిన్న గుంట పడింది. మార్చిస్తానన్నాడు, వద్దన్నాను. ఆ గుంటను వేలు తనంతట తానే వెతుక్కుంటోంది.

నల్ల సేన దగ్గర పొరపాటు చేశాను. నల్లవాళ్ళకు చింత చేవ వాడదామని సరదా పడ్డాను. ముదురు రంగు, గట్టి కర్ర, ఊరితో చుట్టరికం. ఉలి రెండుసార్లు మొద్దుబారింది. అయినా సరే అనుకున్నాను గానీ, పూర్తయ్యాక తూస్తే తెల్ల రాజు 17 గ్రాములు, నల్ల రాజు 34. రెండు రాజ్యాల మధ్య నేను అనుకోని తేడా వచ్చి కూర్చుంది. చేవ పక్కన పెట్టి, నల్ల సేన కూడా అంకుడులోనే తీసి లక్క పట్టించాను. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాక పనివాళ్ళు కళ్ళు మూసుకుని చేసే పని, నాకు మూడు వేళ్ళు కాలాయి.

రాజును డొల్ల చేయడం: అడుగు నుంచి 22 మిల్లీమీటర్ల బర్మాతో తొలిచాను. మొదటి రెండూ పగిలాయి. మూడోది నిలిచింది. ముఖం పెట్టలేదు. నిలువు కాండం, దాని మీద వెడల్పాటి ఛత్రం, అంతే. గొడుగు పట్టేవాడు ఉన్నాడు కాబట్టే కింద ఎవరో రాజు ఉన్నాడని నమ్ముతాం.

మంత్రి దగ్గర ఇంట్లో తగువు. పెద్దమ్మాయికి అది రాణి. బాబాయిగారికి మంత్రి. నిజానికి ఈ పావు ఒకప్పుడు మూలగా ఒక్క గడే కదిలేది. 15వ శతాబ్దం చివర్లో ఐరోపాలో దానికి ఇప్పటి నడక వచ్చింది. అప్పటికే అక్కడ అది రాణి. మన దగ్గర నడక మారినా పేరు మారలేదు. ఆడమనిషా మగమనిషా అని మూడు రోజులు ఆలోచించి, నడుము దగ్గర తాళాలగుత్తి మాత్రం చెక్కాను. దివానుకూ ఉంటుంది, ఇంటి ఇల్లాలికీ ఉంటుంది.

ఏనుగును ఏనుగుగానే ఉంచాను, శకటును చక్రంగా. గుర్రం గురించి రాయడానికేమీ లేదు. అయిదు చెడిపోయాయి, నాలుగు మిగిలాయి.

అక్టోబర్ 8

నిన్న సిరిమాను. పని లేదు, ఇంటినిండా చుట్టాలు.

జనంలో నిలబడి కోట వైపు చూస్తుంటే ఒక పాత సంగతి గుర్తొచ్చి నవ్వు వచ్చింది. 1883లో లండన్‌లో జరిగిన పెద్ద చదరంగం పోటీలో జుకర్‌టోర్ట్ గెలిచాడు, స్టైనిట్జ్ రెండోవాడు. దానితోపాటు జరిగిన చిన్న పోటీకి పెట్టిన పేరు విజయనగరం టోర్నమెంటు. మా మహారాజు ఇచ్చిన విరాళానికి గుర్తుగా. దాన్ని గెలిచినవాడు బార్డెలేబెన్ అనే జర్మన్ కుర్రవాడు. చదరంగం చరిత్రలో మా ఊరి పేరు అలా నిలిచింది, ఎత్తు వేసినందుకు కాదు, డబ్బు ఇచ్చినందుకు.

అక్టోబర్ 26

మొదటి పూర్తి ఆట. బాబాయిగారు తెల్ల, పెద్దమ్మాయి నల్ల.

మొదటి ఇబ్బంది నా తెలివితేటల వల్లే. రెండు వైపుల బంట్లూ ఒకే ఇత్తడి, తేడాకు మెడలో సన్నటి లక్క గీత ఒకటి చాలనుకున్నాను. బెంగాల్‌లో బరంపురం దంతపు పనివాళ్ళు ఈస్టిండియా కంపెనీ సేన ఒక వైపు, దేశీయ రాజు సేన ఇంకో వైపు పెట్టి చదరంగాలు చెక్కేవారు. కంపెనీ వైపు సిపాయిలూ ఈ దేశం వాళ్ళే. అలా ఇరుపక్షాల బంట్లూ ఒకే ఊరివాళ్ళని చెప్పాలని నా ఆశ. బాబాయిగారు తొమ్మిదో ఎత్తులో దర్జాగా మా అమ్మాయి బంటును జరిపారు. ఆశ సరే, ఆట ఆగిపోయింది. ఆట ఆగకూడదని జూలైలో నేనే రాసుకున్నాను. నల్లవాళ్ళ బంట్ల తలలకు లక్క టోపీ పెట్టాలి.

రెండోది నేను ఊహించనిది: చప్పుడు. చచ్చిన శకటును పక్కన పెడితే వినబడదు. చచ్చిన బంటును అరుగు బండ మీద పెడితే ఖంగుమంటుంది. లోపల వంట చేస్తున్న మా ఆవిడ బయటికి వచ్చి, "ఇప్పటికి అయిదుగురు పోయారా?" అని అడిగింది. లెక్క సరిపోయింది.

బంటు చివరి గడికి చేరినప్పుడు ఇద్దరికీ వాదన. బాబాయిగారి పాత పద్ధతిలో ఏ పావు గడికి చేరితే బంటు ఆ పావే అవుతుంది, ఏనుగు గడిలో ఏనుగు, గుర్రం గడిలో గుర్రం. మా అమ్మాయి నేర్చుకున్న పద్ధతిలో ఏది కావాలంటే అది. వాదనలో నెగ్గింది మా అమ్మాయే. 78 గ్రాముల బంటును పక్కన పెట్టి 24 గ్రాముల మంత్రిని చేతిలోకి తీసుకుంది. "తేలికైపోయింది" అంది, తనలో తాను అన్నట్టు.

మూడోది రాజు. అరుగు మీద దోమలని స్టాండు ఫ్యాను పెట్టాం. ఫ్యాను ఇటు తిరిగిన ప్రతిసారీ గాలి ఛత్రం కింద దూరి తెల్ల రాజు వెల్లకిలా పడిపోయాడు. చదరంగంలో రాజును పడుకోబెట్టడమంటే ఓటమి ఒప్పుకోవడం. బాబాయిగారు ఒకే ఆటలో ఆరుసార్లు ఓడిపోయారు.

నవంబర్ 9

రాజు కోసం చేసినవి: అడుగున సీసం పోస్తే నిలుస్తాడు, కానీ బరువైపోతాడు. నేను చేసిందంతా వృథా. ఛత్రం తగ్గిస్తే గొడుగు కాస్తా పుట్టగొడుగు అయింది. అడుగుకు మఖమలు అంటిస్తే జారకుండా పడ్డాడు. ఫ్యాను ఆపితే దోమలు.

సాయంత్రం బాబాయిగారితో ఆట. నేను నల్ల, ఆయన తెల్ల. ఫ్యాను తిరిగింది, రాజు పడ్డాడు. ఆయన లేపి నిలబెట్టారు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి ఆయన ఏమీ అనలేదు. పక్కన వరుసగా పేర్చిన చచ్చిన బంట్లలో నుంచి ఒకదాన్ని తీసి, తెల్ల రాజు ఉన్న గడిలోనే, గాలి తోసే వైపు ఆనించి పెట్టారు. భుజం మీద గుంట ఉన్న బంటు అది. గడి 55 మిల్లీమీటర్లు, రాజు అడుగు 38, బంటు 25. ఒక గడిలో నాలుగు బంట్లు పట్టాలన్న కొలతతో గీసిన బల్ల కాబట్టి మూలమూలకు ఇద్దరూ సరిపోయారు. ఫ్యాను వచ్చింది, ఛత్రం వణికింది, రాజు నిలిచాడు.

"ఇది నిబంధనల్లో లేదు బాబాయిగారూ."

"చచ్చినవాడికి నిబంధనలేమిటి మాస్టారూ? వేయండి, ఎత్తు మీదే."

ఆయన రాజును జరిపిన ప్రతిసారీ రెండు చేతులు వాడారు, ఒక చేత్తో రాజు, ఇంకో చేత్తో ఆ బంటు. ఆటలో ఓడింది నేనే.

రాత్రి బుడితికి ఫోను చేసి ఇంకో రెండు బంట్లు కావాలన్నాను.

"పోయాయా బాబూ?"

"పోలేదు. రాజులకు ఆసరాగా పెట్టడానికి, వైపుకు ఒకటి."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు. "ఆసరాకే అయితే తల, మెడ ఎందుకు? దిమ్మ పోసిస్తాను. పని తగ్గుతుంది, మీకూ డబ్బు కలిసొస్తుంది."

తల కూడా పోయమన్నాను.